పెడల్ స్టీల్ లిక్‌ని చెవితో విని పట్టుకోవడం ఎలా?

పెడల్ స్టీల్ గిటార్ (తీగల మీద ఉక్కు బార్ జరుపుతూ, పెడల్స్, మోకాలి లివర్లతో తీగల శ్రుతి మారుస్తూ వాయించే గిటార్) గురించి ఏం రాసినా చివరికి వచ్చే ప్రశ్న ఇదే: "పాత కంట్రీ పాటల్లో గాయకుడు ఊపిరి తీసుకునే సందులో ఆ కరిగిపోయే మలుపు వస్తుంది కదా, దానికి ట్యాబ్ (ఏ తీగ, ఏ ఫ్రెట్ అని చెప్పే రాత) దొరకడం లేదు. విని కనుక్కోవచ్చా?" కనుక్కోవచ్చు. అమెరికాలో కంట్రీ సంగీతానికి పేరుపడ్డ నాష్‌విల్‌లోనూ బేకర్స్‌ఫీల్డ్‌లోనూ ఈ వాద్యాన్ని పెంచినవాళ్లు ఒకరినొకరు వినే నేర్చుకున్నారు. మనకు పాటను నెమ్మది చేసుకునే సౌకర్యం కూడా ఉంది.

పని మొదలుపెట్టేముందు ఒక్క మాట గుర్తుంచుకోండి. లిక్‌లో, అంటే ఆ చిన్న స్వరాల ముక్కలో, కదిలే స్వరం వెంట పడకండి. కదలకుండా నిలబడిన స్వరాన్ని ముందు పట్టుకోండి. మామూలు స్లైడ్‌లో బార్ కదిలితే దాని కింద మోగే తీగలన్నీ కలిసి కదులుతాయి. పెడల్ తొక్కితే ఒకటి రెండు తీగలే కదిలి, మిగతావి ఉన్నచోటే ఉంటాయి. ఆ నిలకడ స్వరం దొరికిందా, బార్ ఎక్కడుందో సగం తెలిసినట్టే.

కావలసినవి

పది తీగల ఇ9 ట్యూనింగ్ పెడల్ స్టీల్. ఎ, బి, సి పెడల్స్, కనీసం ఇ తీగలను పెంచే, తగ్గించే మోకాలి లివర్లు ఉండాలి. పెడల్స్ వరస ఎమన్స్ పద్ధతిలో ఎడమ నుంచి ఎ, బి, సి అయితే, డే పద్ధతిలో సి, బి, ఎ. పేర్లు, పనులు మాత్రం అవే కాబట్టి ఇక్కడ చెప్పేది రెండింటికీ సరిపోతుంది.

సెంట్లు (ఒక స్వరస్థానంలో నూరో వంతులు) చూపించే ట్యూనర్. రెండు చెవులకూ విడివిడిగా వినిపించే మంచి హెడ్‌ఫోన్. శ్రుతి మారకుండా పాటను నెమ్మది చేసే సాఫ్ట్‌వేర్. ఉచితంగా దొరికే ఆడాసిటీ చాలు. అందులో స్పీడ్ మార్చే ఎఫెక్ట్ వేరు, టెంపో మార్చే ఎఫెక్ట్ వేరు. మీకు కావలసింది టెంపో. స్పీడ్ తగ్గిస్తే శ్రుతి కూడా పడిపోతుంది.

ఫోన్‌లో తంబురా యాప్ ఉంటే ఇంకా మంచిది. ఒక నోట్‌బుక్, పెన్సిల్.

తీగలను స్వరాల్లో చూడండి

సిద్ధాంతం ఇంతే చెబుతాను, కానీ ఇది లేకుండా ముందుకు వెళ్లలేం. కర్ణాటక సంగీతం కాస్త తెలిసినవాళ్లకు ఇ9 ట్యూనింగ్ స్వరాల్లో చెబితే చప్పున ఎక్కుతుంది. బార్ ఏ ఫ్రెట్ మీద ఉన్నా, పెడల్ తొక్కకుండా మోగే మేజర్ కార్డ్ మూలస్వరాన్ని "స" అనుకోండి. అప్పుడు మీకు దూరంగా ఉన్న ఒకటో తీగ నుంచి దగ్గరగా ఉన్న పదో తీగ దాకా వరస ఇది:

1: రి2
2: ని3
3: గ3
4: స
5: ప
6: గ3
7: రి2
8: స
9: ని2
10: ప

ఇందులో ఒక చిక్కుంది. అన్నిటికంటే పై స్థాయి తీగ మూడోది. ఒకటి, రెండు తీగలు దానికంటే కింద మోగుతాయి. "చాలా పైన వినిపిస్తోంది, కాబట్టి ఒకటో తీగే" అనుకుని వెతికేవాళ్లు చాలామంది.

ఇక కదలికలు. ఎ పెడల్ 5, 10 తీగలను ప నుంచి ద2కి పెంచుతుంది. బి పెడల్ 3, 6 తీగలను గ3 నుంచి మ1కి పెంచుతుంది. సి పెడల్ నాలుగో తీగను స నుంచి రి2కి, ఐదో తీగను ప నుంచి ద2కి తీసుకెళ్తుంది. ఎఫ్ లివర్ 4, 8 తీగలను స నుంచి రి1కి అర మెట్టు పెంచుతుంది. ఇ లివర్ అవే తీగలను స నుంచి ని3కి దించుతుంది. రెండో తీగను ని3 నుంచి ని2కి, తొమ్మిదో తీగను ని2 నుంచి ద2కి దించే లివర్ చాలా వాద్యాల మీద ఉంటుంది.

ఈ కదలికలను పాడి బట్టీ పట్టండి. తంబురా పెట్టుకుని "ప... ద", "గ... మ" అని రోజూ పాడితే, రికార్డులో వినగానే ఏ పెడలో తడుతుంది.

1. సరైన రికార్డు ఎంచుకోండి

మొదట రెండు తాళావృత్తాల ఫిల్ (పాట సందుల్లో నింపే చిన్న ముక్క) చాలు, సోలో వద్దు. నెమ్మదైన పాట కావాలి. స్టీల్ వాయిస్తున్నప్పుడు ఫిడేలు, పియానో పెద్దగా అడ్డురాకూడదు.

కాలం కూడా చూసుకోండి. హ్యాంక్ విలియమ్స్ రికార్డుల్లో డాన్ హెల్మ్స్ వాయించింది పెడల్స్ లేని స్టీల్. అక్కడ పెడల్ కోసం వెతికితే రోజులు గడుస్తాయి గానీ ఏమీ దొరకదు. తీగలు మోగుతుండగానే పెడల్ తొక్కి స్వరాన్ని వంచే ధ్వనిని 1954లో జనం నోళ్లలో నానేలా చేసింది వెబ్ పియర్స్ పాట "స్లోలీ"లో బడ్ ఐజాక్స్. ఆ తర్వాతి రికార్డులే మీకు పనికొస్తాయి. కొంచెం చెయ్యి తిరిగాక 1964లో బక్ ఓవెన్స్ పాడిన "టుగెదర్ ఎగైన్" తీసుకోండి. అందులో టామ్ బ్రమ్లీ సోలో ఈ చదువుకు పెద్దబాలశిక్ష. లాయిడ్ గ్రీన్, పీట్ డ్రేక్, రాల్ఫ్ మూనీ ఫిల్స్ కూడా వినండి. ముగ్గురి చెయ్యీ మూడు రకాలు.

హెచ్చరిక: 1960ల చివరి నుంచి బి-బెండర్ అనే తీగను వంచే పరికరం అమర్చిన టెలికాస్టర్ గిటార్లు కూడా రికార్డుల్లో ఉన్నాయి. వాటిలో రెండో తీగ ఒక మెట్టు పైకి వంగుతుంది, అచ్చం మన ఎ పెడల్ లాగే. మీటు గట్టిగా "టక్"మని వినిపించి, ధ్వని త్వరగా ఆరిపోతుంటే అది స్టీల్ కాకపోవచ్చు.

2. రికార్డును మీ శ్రుతికి తెచ్చుకోండి

పాత టేపుల శ్రుతి చాలాసార్లు ఎ = 440 హెర్ట్జ్ అనే ప్రమాణానికి కాస్త అటో ఇటో ఉంటుంది. పాట చివర నిలిచే కార్డ్ దగ్గర ఆపి, మీ వాద్యంతో పోల్చండి. తేడా ఉంటే సాఫ్ట్‌వేర్‌లో రికార్డునే సెంట్లలో జరపండి. వాద్యాన్ని మాత్రం ముట్టుకోవద్దు. పెడల్ స్టీల్‌లో పది తీగలతో పాటు ప్రతి పెడల్, ప్రతి లివర్ చేరే స్వరానికీ విడిగా శ్రుతి చేయాలి. ఒక పాట కోసం అవన్నీ కదిలిస్తే ఆ సాయంత్రం అంతా దానికే సరిపోతుంది.

ఇంకో సంగతి. చాలామంది స్టీల్ వాద్యకారులు గ3ని ట్యూనర్ చూపే చోటుకి కాస్త కిందే పెట్టుకుంటారు. శుద్ధమైన అంతర గాంధారం ట్యూనర్ లెక్కకి సుమారు 14 సెంట్లు తక్కువ. తంబురాలో స తీగలోంచి పుట్టే గాంధారం కూడా అక్కడే పలుకుతుంది. కాబట్టి గ3 ఒక్కటే కిందికి వినిపిస్తే రికార్డు శ్రుతి తప్పిందని అనుకోకండి. స, ప లతోనే పోల్చండి.

3. కింద ఏ కార్డ్ నడుస్తోందో రాసుకోండి

స్టీల్‌ని వదిలేసి బేస్ గిటార్ వినండి. తాళావృత్తం మొదటి దెబ్బకి బేస్ వాయించేది చాలావరకు కార్డ్ మూలస్వరమే. నాష్‌విల్ స్టూడియోల్లో లాగా 1, 4, 5 అని అంకెలు వేసుకోండి.

ఈ మెట్టు దాటేస్తే తర్వాతంతా తప్పుతుంది. పైన చెప్పిన స్వరాలు బార్ ఉన్న ఫ్రెట్ నుంచి లెక్కించినవి, పాట శ్రుతి నుంచి కాదు. ఉదాహరణకు జి శ్రుతి పాటలో 4వ కార్డ్, అంటే సి, నడుస్తోంది. వాద్యకారుడు ఎనిమిదో ఫ్రెట్ మీద ఎ పెడల్ తొక్కాడు. మీ చెవికి పాట శ్రుతిలో "స... రి" అని వినిపిస్తుంది. సి పెడల్ అనుకుంటారు. బార్ దగ్గర నుంచి లెక్కిస్తే అది "ప... ద", అంటే ఎ పెడల్.

4. నిలకడ స్వరం పాడండి

రెండు సెకన్ల ముక్కను లూప్ చేసి 60 శాతం వేగానికి తగ్గించండి. 50 కంటే కిందికి వెళ్తే ధ్వని చెదిరిపోయి, లేని కంపనాలు వినిపిస్తాయి. స్టీరియో రికార్డయితే ఒక్కో చెవి విడిగా వినండి. అప్పటి మిక్సుల్లో స్టీల్ తరచుగా ఒక పక్కకే ఉంటుంది.

ఇప్పుడు నోరు తెరిచి పాడండి. బెండ్ మొదలు కాకముందూ అయిపోయాకా మారకుండా ఉన్న స్వరమే కావాలి. అది సాధారణంగా కదిలే స్వరం కంటే మెల్లగా వినిపిస్తుంది కాబట్టి చెవి దాన్ని వదిలేస్తుంది. వాద్యం మీద ఆ ఒక్క స్వరాన్ని మీటి లూప్‌తో కలపండి. కలిసిపోయి కనిపించకుండా పోతే అదే.

నిలకడ స్వరం ఎంత వెతికినా లేదా? రెండు స్వరాలూ ఒకే దూరం ఉంచుకుని కలిసి జారుతున్నాయా? అయితే అది బార్ స్లైడ్. పెడల్ గొడవ లేదు.

5. కదిలే స్వరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కొలవండి

రాగాలకు అలవాటైన చెవికి ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. బెండ్ వినగానే అది జారు గమకంలా తోచి, మధ్యలోని వంపు మీదకే దృష్టి పోతుంది. పెడల్‌కి మాత్రం రెండు కొసలూ గట్టిగా బిగించి ఉంటాయి. మొదలు ఒక స్వరస్థానం, చివర మరొక స్వరస్థానం. మధ్యలో ఏం జరిగిందో తర్వాత చూసుకోవచ్చు. కొసలు రెండూ విడివిడిగా ఆపి, పాడి, రాసుకోండి.

ఒక స్వరస్థానం పెరిగితే బి పెడల్ గానీ ఎఫ్ లివర్ గానీ. రెండు పెరిగితే ఎ గానీ సి గానీ. ఒకటి తగ్గితే ఇ లివర్ కావచ్చు, ముందే తొక్కి ఉంచిన బి పెడల్ వదలడమూ కావచ్చు. ఇది ఎక్కువమంది మరిచిపోతారు. ముందే ఎ పెడల్ తొక్కి, మీటి, నెమ్మదిగా వదిలితే ద నుంచి ప కి దిగుతుంది. పాత కంట్రీలో ఏడుపు వినిపించే చోట్ల చాలావరకు జరిగేది ఈ వదలడమే.

దగ్గరగా ఒక ఉదాహరణ

జి శ్రుతి. మూడో ఫ్రెట్ మీద బార్. 4, 5, 6 తీగలు కలిపి మీటండి: స, ప, గ. అది జి మేజర్. ఎ, బి రెండూ కలిపి తొక్కండి: ప ద అయింది, గ మ అయింది, పైన స కదల్లేదు. సి మేజర్ వచ్చేసింది. 1 నుంచి 4కి వెళ్లే ఈ నడకను వందల రికార్డుల్లో వింటారు.

ఇప్పుడు ముందు ఎ తొక్కి, ఒక క్షణం ఆగి బి తొక్కండి. మధ్యలో స, ద, గ మోగుతాయి. అది ఇ మైనర్, కాస్త దిగులు. ఈసారి ముందు బి, తర్వాత ఎ తొక్కండి. మధ్యలో స, ప, మ వస్తాయి. దిగులు ఉండదు, ఎక్కడో ఆగి ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. మొదలూ చివరా ఒకటే, వేళ్లు మీటింది ఒక్కసారే, అయినా మూడు లిక్స్. ఈ రెండు మార్పులను వేర్వేరు పెడల్స్‌కి విడదీసిన ఘనత స్టీల్ వాద్యకారుడు బడ్డీ ఎమన్స్‌కి ఇస్తారు. ఆ విడదీతతో ఎంత దారి తెరుచుకుందో ఈ మూడింటినీ ఒకదాని వెంట ఒకటి వాయిస్తే అర్థమవుతుంది. రికార్డు వింటున్నప్పుడు ఆ మధ్య క్షణాన్నే పట్టుకోండి: మైనర్ వినిపించిందా, ఆగినట్టుందా, రెండూ లేవా?

6. ఫ్రెట్ ఖాయం చేయండి

ఒకే జి కార్డ్ పెడల్స్ లేకుండా 3వ ఫ్రెట్‌లో, ఎ పెడల్ + ఎఫ్ లివర్‌తో 6లో, ఎ + బి పెడల్స్‌తో 10లో దొరుకుతుంది. మళ్లీ 15లో పెడల్స్ లేకుండా. స్వరాలు సరిపోయినంత మాత్రాన చోటు సరైనదని కాదు. లిక్‌కి ముందు, వెనుక ఏముందో చూసి, ఎక్కువ దూరం దూకనవసరం లేని చోటు ఎంచుకోండి.

రెండు స్వరాల జతలు వరసగా నడిచే ఫిల్‌కి నమ్మకమైన కొండగుర్తు చెబుతాను. 5, 6 తీగల మీద రెండు స్వరాల మధ్య మూడు స్వరస్థానాల దూరం ఉంటే పెడల్స్ తొక్కలేదు. నాలుగు ఉంటే ఎ, బి తొక్కారు. జి శ్రుతిలో పాట స్వరాలతో వరస ఇలా నడుస్తుంది:

గ-ప: 3వ ఫ్రెట్
మ-ద: 3, ఎ + బి
ప-ని: 5, ఎ + బి
ద-స: 8
ని-రి: 10
స-గ: 10, ఎ + బి
రి-మ: 13
గ-ప: 15

పైకీ కిందికీ ఇది చేతికి వచ్చేదాకా వాయించండి. చెవితో పట్టే ఫిల్స్‌లో చాలావాటికి ఎముకలగూడు ఇదే. 5, 6 బదులు 3, 5 తీగల మీద వాయిస్తే అవే స్వరాలు తిరగబడి, మధ్య దూరం పెరుగుతుంది. ఫ్రెట్లు మాత్రం అవే.

5వ కార్డ్ సెవెన్త్ రుచి తగిలినా బార్ కదిలినట్టు అనిపించకపోతే, బి పెడల్‌తో ఇ లివర్ కలిపి చూడండి. అదే ఫ్రెట్‌లో వచ్చేస్తుంది.

7. కుడిచెయ్యి, కుడికాలు చివర్లో

స్వరాలు కుదిరాకే వాల్యూమ్ పెడల్ జోలికి వెళ్లండి. మీటు తగిలాక శబ్దాన్ని లేపడం వల్ల స్వరం గాల్లోంచి పుట్టినట్టు వస్తుంది. కొత్తవాళ్లు దీన్నే కింది నుంచి పైకి వచ్చిన స్లైడ్ అనుకుంటారు. పెరిగింది శ్రుతా, శబ్దమా? అనుమానం వస్తే ఆ క్షణంలో మీరు పాడండి. మీ గొంతు పైకి పోవలసిన పని లేకపోతే అది వాల్యూమే. ఆడాసిటీలో తరంగం బొమ్మ చూసినా మెల్లగా ఉబ్బడం కనిపిస్తుంది.

తర్వాత నిశ్శబ్దాలు వినండి. ఏ తీగ తర్వాతి స్వరం మీదకి మోగుతూ వచ్చింది, దేన్ని అరచేత్తో ఆపేశారు? స్వరాలన్నీ సరిగ్గా వాయించినా లిక్ బురదగా ఉంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇక్కడే. బార్ ఊపి తెచ్చే వైబ్రాటో అన్నిటికంటే ఆఖరు. ముందే ఊపడం మొదలుపెడితే అది శ్రుతి తప్పులను కప్పేసి మిమ్మల్ని మోసం చేస్తుంది.

8. రాయండి

పది గీతలు గీసి, తీగ గీత మీద ఫ్రెట్ అంకె, పక్కన పెడల్ అక్షరం వేయండి: 3, 3ఎ, 3ఎబి. మీటకుండా మారిన స్వరానికి బాణం గుర్తు పెట్టండి. కార్డ్ అంకె పైన ఉండాలి. అది లేని ట్యాబ్‌ని నెల తర్వాత చూస్తే మీకే అర్థం కాదు.

సరిగ్గా వచ్చిందని తెలుసుకోవడం

నెమ్మది లూప్‌తో కలిసి వాయించండి. రెండు ధ్వనుల మధ్య "వావ్ వావ్" అని అలలు వస్తే బార్ ఫ్రెట్ గీతకి అటో ఇటో ఉంది. బెండ్‌కి ముందు బాగుండి తర్వాత అలలు వస్తే తప్పు పెడల్ శ్రుతిది, బార్‌ది కాదు.

తర్వాత మీది మాత్రమే ఫోన్‌లో రికార్డు చేసి, అసలుదాని వెంటనే వినండి. కలిసి వాయిస్తున్నప్పుడు అసలు రికార్డు మీ లోటును పూడ్చేస్తుంది. ఒంటరిగా వింటే ఏదీ దాగదు.

మూడోది శరీరం పరీక్ష. పూర్తి వేగంలో వాయించండి. బార్ ఎగిరెగిరి పడుతున్నా, మోకాలు అసాధ్యంగా తిరగాల్సి వస్తున్నా మీరు కనుక్కున్న చోటు తప్పు అయ్యే అవకాశమే ఎక్కువ. స్వరాలు ఒప్పే అయినా సరే, ఆరో మెట్టుకి తిరిగి వెళ్లి మిగతా రెండు చోట్లూ చూడండి. అక్కడా కుదరక, కార్డులు జాజ్ వైపు, వెస్టర్న్ స్వింగ్ వైపు మళ్లుతుంటే అది రెండు నెక్‌ల స్టీల్‌లో రెండో నెక్ మీది సి6 అనే వేరే ట్యూనింగ్ కావచ్చు. దాన్ని ఇ9 మీద ఇరికించకుండా పక్కన పెట్టి ఇంకో ఫిల్ తీసుకోండి.

పెడల్ స్టీల్ లేనివాళ్లకు

మామూలు గిటార్ మీదా ఇదంతా పనిచేస్తుంది. అయిదో మెట్టు దాకా ఏమీ మారదు. ఆ తర్వాత నిలకడ స్వరాన్ని ఒక వేలితో నొక్కి ఉంచి, పక్క తీగను వేరే వేళ్లతో వంచండి. జి శ్రుతిలో ఒకటో తీగ మూడో ఫ్రెట్ మీద స నొక్కి పట్టుకుని, రెండో తీగ మూడో ఫ్రెట్ మీద ప ని ద దాకా వంచితే ఎ పెడల్ కదలిక వచ్చినట్టే. కష్టమల్లా వంచేటప్పుడు పైన స చెదరకుండా ఉంచడమే. సన్నటి తీగలు వేసుకోండి, వంచే వేలికి వెనుక ఇంకో వేలు ఆసరా ఇవ్వండి. ద దగ్గర సరిగ్గా ఆగారా లేదా అన్నది అదే తీగ అయిదో ఫ్రెట్‌లో నొక్కి వాయించి సరిచూసుకోండి.